మా బావగారి చెయ్యి

మా ఆయనకి ఒక అన్న ఉన్నాడని పెళ్ళికి ముందే చెప్పారు. ఆ అన్న కొండ మీద నిలబడి చెయ్యి ఊపితే తప్ప మా ఆయన కదలడని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను మళ్ళీ ఆలోచించుకునేదాన్ని.

మా బావగారు చేసే పని ఏమిటంటే, చూడటం. నిజంగానే అంతే. మా వీధి చివర కొండ, కొండ కింద సముద్రం కొడవలిలా లోపలికి వంగి ఉంటుంది. దాన్ని మేం వంపు అంటాం. చేపల మంద వంపులోకి వచ్చిందంటే కొండ మీంచి నీళ్ళ మీద మరకలా కనిపిస్తుంది. పడవలో ఉన్నవాడికి ఆ మరక కనపడదు. వాడికి కనపడేది చుట్టూ నీళ్ళే. అందుకని కొండ మీద ఒక మంచె, దాని మీద మా బావగారు, ఆయన రెండు చేతుల్లో రెండు తెల్ల తువ్వాళ్ళు. రెండూ పైకెత్తితే మంద వచ్చినట్టు. ఎడం చెయ్యి చాపితే పడవలు ఎడమకి, కుడి చెయ్యి చాపితే కుడికి. రెండూ అడ్డంగా కలిపితే వల దించమని. పడవ నడిపేది మా ఆయన. చేపల్ని కళ్ళతో చూడకుండా, అన్న చేతుల్ని చూసి వల దించేవాడు. వాళ్ళ నాన్న రోజుల్లోనూ ఇదే పద్ధతి, అప్పుడు మంచె మీద వాళ్ళ పెదనాన్న ఉండేవాడట.

ఊళ్ళో అందరూ మా బావగారిని డేగ అంటారు. ఆ పేరంటే ఆయనకి మహా ఇష్టం. సొంత పేరుతో పిలిస్తే పక్కింటివాళ్ళని పిలిచారేమో అన్నట్టు కూర్చుంటారు. ఇంట్లో కూడా మంచె దిగరు. మంచినీళ్ళు కావాలంటే వేలు, చాలంటే అరచెయ్యి. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయనుకుంటారు కాబోలు. నా తోడికోడలు, నేను అక్కా అని పిలిచేది, నోట్లో నాలుక లేని మనిషి. ఆ వేళ్ళ భాషంతా నేర్చుకుని గుట్టుగా కాపురం చేసుకొస్తోంది. నేను మాత్రం వేలు చూపిస్తే కదిలేదాన్ని కాదు. "ఏం కావాలి బావగారూ?" అని అడిగేదాన్ని, ఆయన నోరు విప్పేదాకా.

నాకు ఇంకో మంట కూడా ఉండేది. నేను వలల షెడ్డులో పని చేస్తాను. మా పెద్ద వలలో సగం ముడులు నా చేతివే. చిరిగినచోటల్లా కూర్చుని అల్లి అల్లి నా వేళ్ళ చివరలు గీతలు పడిపోయాయి. పడవలో మగాళ్ళు నడుములు విరుచుకుంటారు. ఈయన గాలికి నిలబడి తువ్వాలు ఊపి, పడవ యజమానికి ఎంత వాటానో అంతా తీసుకునేవారు. పైగా ఎన్నడూ తప్పుగా ఊపలేదని గొప్ప. ఎవరైనా ఇంటికొచ్చి పావుగంట కూర్చుంటే చాలు, ఆ మాట ఎలాగో అలా తెచ్చి చెప్పించుకునేవారు.

తర్వాత తర్వాత వంపులో మరకలు కనపడటం తగ్గిపోయింది. ఒక ఏడాది తువ్వాళ్ళు మడత విప్పే పని కూడా అరుదైపోయింది. అప్పుడు మత్స్యశాఖ వాళ్ళు వచ్చి, కొన్నేళ్ళపాటు వంపులో వేట ఆపేస్తే చేపలు మళ్ళీ పెరుగుతాయనీ, దానికి ఊరి మద్దతు కావాలనీ అన్నారు. మద్దతుకేం, బండెడు ఇచ్చాం. లేని చేపల్ని వదులుకోవడానికి ఎవరికేం నొప్పి? చిరిగిన బట్టలు దానం చేసినంత ధారాళంగా అందరూ చేతులెత్తారు.

వెంటనే సముద్ర మిత్రమండలి అని ఒకటి పుట్టింది. అధ్యక్షుడు ఐసు ఫ్యాక్టరీ ఆయన. ఆయన సముద్రంలో చీలమండ దాటి దిగిన సందర్భం ఎవరికీ గుర్తు లేదు. సముద్రం మనందరి తల్లి అని మైకులో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఫ్యాక్టరీ మురుగు గొట్టం ఆ తల్లి ఒళ్ళోకే ఎందుకు పోతోందని ఎవరూ అడగలేదు, నీలం చొక్కాలూ టోపీలూ పంచుతున్నారు కదా, ఆ హడావుడిలో ఉన్నారు. చొక్కా మీద నవ్వుతున్న తాబేలు బొమ్మ. నాకూ ఒకటి ఇచ్చారు, భుజాల దగ్గర బిగుతు. వీధి మొదట్లో మా పడవకంటే పెద్ద బోర్డు పెట్టారు. వంపు ముందు నీళ్ళ మీద ఈ కొస నుంచి ఆ కొసకి పసుపు పీపాలు వరసగా తేలగట్టి, ఈ గీత దాటి వల వెయ్యకూడదన్నారు.

మరి కాపలా ఎవరు? ఎలాగూ అక్కడే నిలబడి ఉంటాడు కదా అని మా బావగారినే పెట్టారు. నెలజీతం, యూనిఫాం, ఒక బైనాక్యులర్, ఒక ఫోను. ఏ పడవైనా పీపాలు దాటి లోపలికి వస్తే గస్తీ లాంచీకి ఫోన్ చెయ్యాలి. ఆయన బైనాక్యులర్‌ని మంచె మేకుకి తగిలించి మళ్ళీ ముట్టుకోలేదు. డేగకి కళ్ళద్దాలు పెట్టినంత అవమానం అయింది పాపం.

అక్కకి జ్వరం వచ్చిన ఒక రోజు మధ్యాహ్నం కొండ మీదికి భోజనం క్యారేజీ నేను పట్టుకెళ్ళాను. చూద్దును కదా, అవతలి వీధివాడి పడవ పీపాలు దాటి దర్జాగా లోపల ఉంది. గాలపు తాడు లాగుతున్నాడు. మా బావగారు వాడి నెత్తి మీదుగా ఎటో చూస్తున్నారు. అదుగో పడవ అన్నాను. ఆయన విసుక్కున్నారు. పడవల్ని చూడటానికి నేనెందుకు, దున్నపోతంత ఉంటాయి, ఎవడికైనా కనపడతాయి అన్నారు. అంటే ఇన్ని నెలలుగా ఈ మనిషి కాపలా కాస్తున్నది పడవల్ని కాదు. అలవాటుగా నీళ్ళలోకి చూస్తూ జీతం తీసుకుంటున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో కింద పడవవాడు తలెత్తాడు. కొండ మీద డేగ తనవైపే తిరిగి నిలబడి ఉండటం చూసి గుండె జారిపోయినట్టుంది, తాడు తెంపేసుకుని వెనక్కి చూడకుండా పారిపోయాడు.

వంపుకి జరిగిన రక్షణ అదన్నమాట. ఈయన చూడరు, చూస్తారని వాళ్ళ భయం. మిత్రమండలి సమావేశంలో మాత్రం, ఒక్క ఉల్లంఘనా జరగలేదనీ ఇదంతా ప్రజల చైతన్యమనీ అధ్యక్షుడు చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఇలా రెండు మూడేళ్ళు నడిచాక, మండలికి డబ్బిచ్చే సంస్థ పెద్దలు చూడ్డానికి వస్తున్నారన్నారు. కొండ మీద షామియానా, కుర్చీలు, కూల్‌డ్రింకులు. మంచెకి రెండు పక్కలా మండలి జెండాలు కట్టారు. మాలాంటి ఆడవాళ్ళని పదిమందిని తాబేలు చొక్కాలు తొడిగి వరసగా నిలబెట్టారు. సంస్థ పెద్దలతోపాటు మత్స్యశాఖ పెద్దాఫీసరు కూడా వచ్చాడు. మగాళ్ళు ఎప్పట్లాగే వేటలో ఉన్నారు, పీపాలకి అవతల మా పడవా, దాని వెనక వల రెండో కొస పట్టుకునే చిన్న పడవా కనిపిస్తూనే ఉన్నాయి. అధ్యక్షుడు వాటినే చూపిస్తూ, మావాళ్ళు ప్రాణం పోయినా ఆ గీత దాటరని చెబుతున్నాడు.

సరిగ్గా అప్పుడే మంద వచ్చింది. అంత మంద నేను పెళ్ళై వచ్చాక చూడలేదు. మబ్బు లేకుండా మబ్బు నీడ పడ్డట్టు వంపంతా ఎర్రగా నల్లగా కమ్ముకుంటూ వచ్చింది. కుర్చీల్లో వాళ్ళకి అదేమిటో తెలియలేదు. నాకు తెలిసింది. మా బావగారి మెడ బిగుసుకుంది. తువ్వాళ్ళ కోసం చేతులు తడిమాయి. యూనిఫాం వేసుకున్నాక తువ్వాళ్ళు ఎక్కడివి? రెండు పక్కలా కట్టిన మండలి జెండాల్ని ఊడబెరికి, రెండూ ఆకాశంలోకి ఎత్తారు.

కింద రెండు పడవల ఇంజన్లూ ఒకేసారి మొదలయ్యాయి. మా ఆయన గురించి చెప్పాలంటే, పొద్దున నేను లేపితే అటు తిరిగి పడుకునే మనిషి. అన్న చెయ్యి లేచిందో లేదో పీపాల మధ్య నుంచి బాణంలా దూసుకొచ్చాడు. ఎడమకి అంటే ఎడమకి, కుడికి అంటే కుడికి. జెండాలు అడ్డంగా కలిశాయి, వల దిగింది. ఒక్కడంటే ఒక్కడు కూడా పీపాలవైపు చూడలేదు. ఇది కొత్త పని కాదు కదా, పుట్టినప్పట్నుంచీ చేస్తున్నదే.

వచ్చిన పెద్దలు కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొట్టారు. తమ కోసం ఏర్పాటు చేసిన ప్రదర్శన అనుకున్నారు. ఫోన్లు తీసి ఫొటోలు. అధ్యక్షుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా దగ్గరకొచ్చి ఏమిటమ్మా ఇది అని గొణిగాడు. ప్రజల చైతన్యం అండీ అన్నాను.

వల చుట్టుముట్టింది. రెండు కొసలూ కలుస్తున్నాయి. అప్పుడు మా బావగారికి పీపాలు కనపడ్డాయి. అంతకుముందు ఎప్పుడూ వాటిని చూసినట్టు లేరు. పొరపాటున ఎవరింట్లోకో వెళ్ళి మంచం మీద కూర్చున్నవాడి మొహంలా అయింది ఆయన మొహం. తర్వాత జెండాల్ని కిందికి దించి, నేల ఊడ్చినట్టు రెండు పక్కలకీ చాపారు. నేను ఆ సైగ ఎన్నడూ చూడలేదు. కానీ చూడగానే అర్థమైంది, మా ఆయన ఒకసారి చెప్పాడు. వదిలెయ్యమని. పెద్దవాళ్ళ కాలం నుంచీ ఉన్న సైగే, వాడే అవసరం ఎవరికి వచ్చింది?

కింద పడవలు కదల్లేదు. దేవుడా, ఈ ఒక్కసారికి మా ఆయన్ని ఆ మనిషి మాట విననివ్వకు అని నేను మనసులో మొక్కుకున్నాను. ఇంట్లో బియ్యం డబ్బా దగ్గర్నుంచి పిల్లల చెప్పుల దాకా అన్నీ ఆ వలలో కనపడ్డాయి నాకు. అంతలో మా ఆయన వంగాడు. పక్కవాళ్ళూ వంగారు. వలని తేలగట్టే బెండ్ల తాడుని అందరూ కలిసి నీళ్ళలోకి అదిమిపట్టారు. మంద దాని మీదుగా ముందు సన్నగా, తర్వాత వరదలా బయటికి పోయింది. పెద్దలు ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

కానీ పెద్దాఫీసరు చప్పట్లు కొట్టలేదు. తన కళ్ళముందే గీత దాటారు, అందరి ఫోన్లలోనూ ఉంది, ఇక ఊరుకోవడం ఎలా? సాయంత్రానికి పడవని గొలుసు వేసి కట్టేశారు, వలని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. విచారణ ఉంటుందన్నారు. గీత లోపల వేసిన వలని ముక్కలుగా కోసెయ్యాలని రూలు. ఒక్క మినహాయింపు ఉందట. కాపలా మనిషే పిలిచాడని తేలితే తప్పు అతనిది, పడవవాళ్ళది కాదు. అంటే నా వల బతకడమో చావడమో మా బావగారి నోట్లో ఉంది, ఎన్నడూ సరిగ్గా తెరవని ఆ నోట్లో.

మర్నాడే ఐసు ఫ్యాక్టరీ ఆయన పళ్ళబుట్ట పట్టుకుని బావగారింటికి వచ్చాడు. అక్క దగ్గరికి వెళ్ళిన నేను వంటగది గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. ఆయన లెక్క చాలా శుభ్రంగా ఉంది. కాపలాదారే వేటకి పిలిచాడని బయటపడితే మండలి పరువు గంగలో కలుస్తుంది, వచ్చే డబ్బు ఆగిపోతుంది, ఉద్యోగమూ పోతుంది. అదే, పడవల్ని పొమ్మని చెయ్యి ఊపాననీ వాళ్ళు రమ్మన్నాననుకున్నారనీ చెబితే చాలు. పొరపాటు. ఎవరి తప్పూ లేదు, అంతా క్షేమం. మా వల ఒక్కటే క్షేమం కాదు, దాని సంగతి ఆయన ఎత్తలేదు. బావగారు ఉలకలేదు, పలకలేదు. పళ్ళబుట్ట మాత్రం అక్కడే ఉండిపోయింది. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన వెళ్ళాక ముందుకొచ్చి అడిగాను. "ఏం చెబుతారు బావగారూ?"

అరచెయ్యి చూపించారు. ఆగమని. ఆ చెయ్యి విరిచి పొయ్యిలో పెట్టాలనిపించింది. ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. నీ అన్న నిన్ను నిలువునా ముంచుతున్నాడు, నువ్వు ఆయన చేతులు చూసి గెంతుతూనే ఉండు అన్నాను. అతను తల వంచుకుని, అన్నయ్య ఇష్టం అన్నాడు. ఇక ఆ మనిషితో ఏం మాట్లాడతాం?

విచారణ రోజున ఆఫీసు గదిలో ఒక టేబులు, కిర్రుమనే ఫ్యాను, మూల మా వల, కుప్పగా. తాబేలు టోపీ ఒళ్ళో పెట్టుకుని అధ్యక్షుడు కథ ఎంత చక్కగా చెప్పాడంటే, మధ్యలో నేనే నమ్మేశాను. అంకితభావం గల కాపలాదారు కంగారుగా పడవల్ని తరమబోవడం, ఎండ కళ్ళలో పడి వాళ్ళు పొరబడటం, ఆఖరికి తప్పు తెలుసుకుని చేపల్ని వదిలెయ్యడం. ఆఫీసరు మా బావగారి వైపు తిరిగి, అంతేనా, మీ చెయ్యి చూసి వాళ్ళు పొరపాటు పడ్డారా అని అడిగాడు.

మా బావగారు ఆ ప్రశ్నని కొరుకుడు పడని ముక్కలా నోట్లో తిప్పుకున్నారు. మొహం కందగడ్డ అయింది.

"నా చెయ్యి చూసి పొరపాటు పడే మనిషి ఈ ఊళ్ళో పుట్టలేదు. నేను రమ్మన్నాను, వచ్చారు. వదలమన్నాను, వదిలారు."

తమ్ముడి వైపు చూడను కూడా చూడలేదు. ఆయనకి తమ్ముడి మీద ప్రేమ పొంగిందని ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు తెలుసు కదా సంగతి. ఉద్యోగం పోతే పోయింది కానీ, తన సైగ ఎవరికో అర్థం కాలేదన్న మాట ఆయన భరించలేకపోయారు. అంతటి పొగరు. ఆ పొగరే పడవ గొలుసు విప్పించింది, మా వల మాకు ఇప్పించింది. దాన్ని నలుగురితో కలిసి మోసుకుని తెచ్చుకుంటూ దారంతా ఆయన్ని తిట్టుకున్నాను, కళ్ళు తుడుచుకున్నాను.

ఉద్యోగం పోయింది. యూనిఫాం అక్కే ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చి వచ్చింది. కొత్త కాపలా అధ్యక్షుడి బావమరిది. బైనాక్యులర్ మెడలో వేసుకుని, మంచె మీద కాళ్ళు బారజాపుకుని చక్కగా నిద్రపోతాడు. మండలి పరువు గంగలో ఏమీ కలవలేదు. ఆ పెద్దలు తీసిన ఫొటోల్లోంచి ఒకటి ఏరి వీధి మొదట్లో కొత్త బోర్డు మీద వేశారు. బెండ్ల తాడు అదిమిపట్టి వంగిన మా ఆయన, కింద అక్షరాలు, చేతికొచ్చిన చేపల్ని స్వయంగా వదిలిన ఊరు అని. వల కోసెయ్యబోయిన సంగతి మాత్రం ఆ అక్షరాల్లో లేదు. అక్క నాతోపాటు వలల షెడ్డులో పనికి చేరింది. వయసు మీదపడ్డాక కొత్తగా ముడి వెయ్యడం నేర్చుకుంటోంది.

భయపెట్టే కళ్ళు కొండ మీద లేవు కదా, మగాళ్ళకి ధైర్యం వచ్చింది. ఒక తెల్లవారుజామున పీపాలు దాటి లోపలికి వెళ్ళారు. బావమరిది గురక వింటూ వల వేశారు. నాచూ జెల్లీచేపలూ వచ్చాయి. మళ్ళీ వెళ్ళారు, ఈసారి నాచు కూడా సరిగ్గా రాలేదు. మంద అక్కడే ఉంది, అందరికీ తెలుసు. ఎక్కడుందో చెప్పే చెయ్యి లేదు. లోపల పడవ ఆపుకుని అలవాటుగా తలెత్తి మంచె వంక చూసి, చూసి, తిరిగి వచ్చారట.

ఆ సాయంత్రం వీధిలో మగాళ్ళంతా బావగారింటికి వెళ్ళారు. మా ఆయనా వెళ్ళాడు. ఎవరు ఏం మాట్లాడతారో అని నేనూ వెనకే వెళ్ళాను. ఆయన వరండాలో బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మంచె ఎక్కక్కర్లేదు, వంపు కనపడే మీ మేడ మీంచి ఊపినా చాలు అన్నారు వచ్చినవాళ్ళు. పాత వాటాకి రెట్టింపు ఇస్తామన్నారు. కాపలావాడు ఎలాగూ నిద్రలేవడు అన్నారు. బావగారు వింటున్నారో లేదో కూడా తెలియలేదు. లోపల గుమ్మం దగ్గర అక్క నిలబడి ఉంది, చేతి వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని. అది చూసి నేను ఉండబట్టలేకపోయాను.

"ఒక్కసారి చెయ్యి ఊపితే ఏం పోతుంది బావగారూ? అక్క చేతులు చూశారా?"

ఆయన అక్క చేతుల వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆ కళ్ళు నీళ్ళలోకి తప్ప ఇంట్లోకి అలా చూడటం నేను ఎప్పుడూ ఎరగను. ఆఖరికి నోరు విప్పారు.

"వదిలెయ్యమని ఊపాను కదా. వదిలెయ్యమన్నదాన్ని మళ్ళీ పట్టుకోమంటే, ఇక ఈ చెయ్యి ఎవడు చూస్తాడు?"

మా ఆయన సరే అన్నయ్యా అని ముందుగా మెట్లు దిగాడు. తక్కినవాళ్ళు ఒక్కొక్కళ్ళే అతని వెనక నడిచారు. అప్పట్నుంచీ ఒక్క పడవా పీపాలు దాటలేదు. కొండ మీద బావమరిది నిద్రపోతూనే ఉన్నాడు, బోర్డు మీద ఊరి గొప్పతనం వెలుగుతూనే ఉంది.

నా నోట్లో ఆ పూట తిట్లు చాలానే ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన చెయ్యెత్తితే పరుగెత్తే మగాళ్ళని చూసి ఇన్నేళ్ళూ నవ్వినదాన్ని. చెయ్యి ఒళ్ళోంచి తియ్యకుండానే నన్ను కూడా ఇంటికి పంపించేశారు.